పెంచని పందెం

రేవు వెనక వీధి,
మూడో అంతస్తు గది

అక్కకి,

క్షేమం అడగను, నువ్వూ అడగకు. నేరుగా విషయానికి వస్తాను.

అత్త పంపిన కవరు అందింది. రెండు పేకముక్కలు, ఒక కాగితం నిండా షరతులు. నీకూ అలాంటిదే వచ్చి ఉంటుంది. ఫోనులో మూడో మాటకే ఎవరో ఒకరం పెట్టేస్తున్నాం కాబట్టి పోస్టులో ఆడమంది. ఇంట్లో ఏ తగువొచ్చినా నాన్న కోత బల్ల మీద ఒక్క పోకర్ ఆటతో తేల్చేసేవాడు. అత్త ముక్కలు పంచేది. ఓడినవాళ్ళు మళ్ళీ నోరెత్తకూడదు. ఇప్పుడు ఆయన పోయాడు కాబట్టి ఆయన బైండింగు దుకాణం కూడా అలాగే తేలాలట. తేలనీ.

తర్వాత నాకు తెలీదు అనకుండా షరతులు మళ్ళీ రాస్తున్నాను. ఒక్కటే ఆట. చేతిలో రెండు ముక్కలు, అత్త బల్ల మీద వేసేవి అయిదు: ముందు మూడు, తర్వాత ఒకటి, చివర ఒకటి. ఆ ఏడింటిలో ఎవరి అయిదు పెద్దవైతే వాళ్ళది గెలుపు; జత కంటే వరుస, వరుస కంటే ఒకే రంగు అయిదూ పెద్దవి. పందెం డబ్బు కాదు, సామాను. నా వాటాకి చర్మం చెక్కే కత్తులు, జిగురు పొయ్యి, కోత యంత్రం. నీ వాటాకి ఇత్తడి అక్షరాల పెట్టె, కుట్టు చట్రం, ప్రెస్సు. కత్తులకి అక్షరాలు, పొయ్యికి చట్రం, కోత యంత్రానికి ప్రెస్సు సమానమని అత్త తేల్చింది. మొదటి పందెం కత్తులూ అక్షరాలే, దాన్ని పెంచడానికి లేదు. ఆ తర్వాత ముక్క పడ్డప్పుడల్లా వేయొచ్చు, పెంచొచ్చు, ఊరుకోవచ్చు. ఎదుటివాళ్ళు వేసినదానికి సరి పెట్టకుండా ఎవరైనా ముక్కలు పడేస్తే అప్పటిదాకా పందెంలో ఉన్నవీ, దుకాణం ఉన్న అద్దె గదీ రెండోవాళ్ళవి. మిగిలినవి ఎవరివి వాళ్ళు తీసుకుపోవచ్చు. అంతదాకా దుకాణం తాళంచెవి అత్త కొంగునే ఉంటుంది.

కత్తులు పెట్టాను.

ఆ సామానుతో నాకు పనేం లేదు. రేవులో పాత ఇనుము కొనేవాడొకడున్నాడు, తూకానికి తీసుకుంటానన్నాడు. ఆట తేలిన రోజు నుంచి నీకూ నాకూ ఉత్తరాలు కూడా ఉండవు. నాన్న పోయిన రోజు గుమ్మం దగ్గరే చెప్పాల్సిన మాట ఇది. జనం ఉన్నారని మింగాను.

తమ్ముడు

*

ఇల్లు,
వంటింటి బల్ల

తమ్ముడికి,

షరతులు చదవడం నాకూ వచ్చు. అత్త చేతిరాత నీ రాత కంటే బాగుంటుంది కూడా.

అక్షరాల పెట్టె పెట్టాను.

పాత ఇనుమా? నాన్న ఆ కోత యంత్రం పళ్ళకి కోడి ఈకతో నూనె రాసేవాడు, గుడ్డ పెడితే నూలు పోగులు ఇరుక్కుంటాయని. జ్వరంతో మూలుగుతూ కూడా కత్తికి కాగితం చుట్టారా లేదా అని అడిగేవాడు. దాన్ని తూకానికి వేస్తానని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? చదివినప్పటి నుంచి ఒళ్ళు మండిపోతోంది.

నువ్వు రేవులో కూర్చుని కులాసాగా పందాలు వేస్తున్నావు. నేను తాళం పడ్డ ఆ తలుపు ముందు నుంచి రోజూ నడుస్తున్నాను. కోర్టు గుమాస్తా ఫైళ్ళు తెచ్చి నా వరండాలో పడేసి పోయాడు. బడివాళ్ళ హాజరు పుస్తకాలు మంచం కింద ఉన్నాయి. చట్రం లేక కుర్చీ కాళ్ళకి దారాలు కట్టి కుడుతున్నాను. ప్రెస్సు లేక ఇటుకలు గుడ్డలో చుట్టి బరువు పెడుతున్నాను, అట్టలు వంకరగా ఆరి నన్ను చూసి వెక్కిరిస్తున్నాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే వాళ్ళంతా వేరే చోటు చూసుకుంటారు. నాకు వేరే పని రాదు. నీకది ఇనుము, నాకు తిండి. అది గుర్తుపెట్టుకుని ఆడు.

నా చేతిలో ఏముందో కూడా చెప్తున్నా, విను. రెండు రాజులు. ఇస్పేటు రాజు, డైమను రాజు. నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్.

అక్క

*

క్రేను కేబిను,
మధ్యాహ్నం విరామం

అక్కకి,

రాజులట. నా చెవిలో పువ్వులేమైనా కనపడ్డాయా? రాజులున్నవాళ్ళు రాజులున్నాయని ఉత్తరం రాస్తారా?

అత్త మూడు ముక్కలు వేసింది. ఆటీను ఏడు, ఆటీను ఎనిమిది, కళావరు రెండు. నేను జిగురు పొయ్యి పెట్టాను.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతాను. నీ దగ్గర నిజంగానే రాజుల జత ఉంటే ఈ క్షణాన అది నా దానికంటే పెద్దదే కావచ్చు. కానీ బల్ల మీద ఏడు, ఎనిమిది పక్కపక్కనే కూర్చున్నాయి. రెండూ ఆటీనులే. నా దగ్గర ఇంకో రెండు ఆటీనులుంటే? వరుసకి పనికొచ్చే ముక్కలుంటే? ఇంకో ముక్క పడేసరికి నీ రాజులు బంట్రోతులైపోతాయి. పెద్ద ముక్కలుండీ అవి దెబ్బతినేలా ఉన్నప్పుడే పెంచాలి, ఎదుటివాడికి తర్వాతి ముక్క చవగ్గా చూపించకూడదు. ఇది నాన్న మనిద్దరికీ ఒకే బల్ల మీద నేర్పిన పాఠం. కాబట్టి ఇప్పుడు ప్రెస్సు తీసి మధ్యలో పెట్టు. పెట్టలేదంటే నీ రాజులు ఉత్తుత్తి రాజులని నాకు తెలిసిపోతుంది.

నీ వరండా కబుర్లు నాకు రాయకు. ఇటుకలు మోసినంత మాత్రాన దుకాణం నీదైపోదు.

తమ్ముడు

*

ఇల్లు,
వంటింటి బల్ల, జిగురు ఆరేలోపు

మహానుభావుడికి,

ఆట నాకు నేర్పకు. నీకు ముక్కలు పట్టుకోవడం కూడా రాని రోజుల్లో నేను నాన్నని ఓడించాను. నువ్వు బల్ల కింద కూర్చుని నా చెప్పు దాచేవాడివి.

కుట్టు చట్రం పెట్టాను. నీ పొయ్యికి అది సరి. పెంచడం లేదు.

ఎందుకు పెంచడం లేదో కూడా చెప్తాను. నేను ప్రెస్సు పెట్టిన మరుక్షణం నువ్వు ముక్కలు పడేస్తావు. కోత యంత్రం లారీ ఎక్కించుకుని పోతావు. గదీ పొయ్యీ పెట్టుకుని నేనేం చేసుకోను, కాగితాలు పళ్ళతో కొరకనా? నాకు నీ కోత యంత్రం కావాలి. అందుకని నెమ్మదిగా ఆడుతున్నాను. నీ పప్పులు నా దగ్గర ఉడకవు.

బల్ల మీద ఏముందో నాకూ కనపడుతోంది. ఇంకో ఆటీను పడొచ్చు, ఇంకోటి పడొచ్చు. పడితే పడనీ.

ఒక మాట. ఆ క్రేను మీదికి ఎక్కేటప్పుడు నడుముకి తాడు కట్టుకుంటారా, లేకపోతే కోతుల్లా ఎక్కేస్తారా? ఆ కేబిన్లో ఫ్యానుందా? నీ మీద బెంగ పెట్టుకుని అడుగుతున్నానని అనుకోకు. నువ్వు ఆట మధ్యలో కింద పడితే అత్త పందెం రద్దు చేస్తుంది.

కోర్టు గుమాస్తా మొన్న వచ్చి ఫైలు తెరిచి చూసి, పెదవి విరిచాడు. నువ్వు తెప్పించిన పెదవి విరుపు అది. నీ ఖాతాలో రాసుకున్నాను.

అక్క

*

రేవు వెనక వీధి,
మూడో అంతస్తు గది

అక్కకి,

తాడు కట్టుకుంటాం. ఫ్యాను లేదు.

నాలుగో ముక్క ఇస్పేటు మూడు. నేను పందెం వేయడం లేదు. వేస్తే నువ్వెయ్. వేయవని నాకు తెలుసు, ఎందుకంటే నీ దగ్గరేమీ లేదు. కోత యంత్రం కోసం ఆగానంటే నమ్మడానికి నేను బల్ల కింద కూర్చున్న పిల్లాణ్ణి కాను.

నీ పద్ధతే అంత. నోరు తెరవాల్సిన చోట తెరవవు. గ్రంథాలయం వాళ్ళ సంపుటాలు కోత తప్పిన రోజు గుర్తుందా? నాకు రోజూ గుర్తుంటుంది. అంచు పోయి అక్షరాలు సగానికి తెగాయి. గ్రంథాలయం పెద్దాయన నిలబడి చూస్తుండగా నాన్న, "నీవి చేతులు కావురా, పో, ఇంకెప్పుడూ ఆ కత్తి ముట్టుకోకు" అన్నాడు. నువ్వు జిగురు కుంచె పట్టుకుని పక్కనే ఉన్నావు. కుంచె నుంచి జిగురు నేల మీద కారుతోంది. నీ నోట్లోంచి ఒక్క మాట కారలేదు. వాడు పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాడు నాన్నా, అనొచ్చు. పోనీ, ఊరుకో నాన్నా, అనొచ్చు. ఏమీ అనలేదు. ఆరేళ్ళుగా ఆ కుంచె నా కళ్ళ ముందు కారుతూనే ఉంది.

నువ్వు నాన్న దుకాణం నిలబెట్టిన కూతురివి, నేను చెడగొట్టి పారిపోయిన కొడుకుని. ఊరంతా అదే అనుకుంటారు. అనుకోనీ. పాత ఇనుము వాడు నిన్న మళ్ళీ కనపడి ఎప్పుడు తెస్తావని అడిగాడు. వచ్చే నెల అన్నాను.

తమ్ముడు

*

ఇల్లు

ఒరేయ్,

ప్రెస్సు పెట్టాను. అత్తకి పోస్టుకార్డు వేసి వచ్చి కూర్చున్నాను. ఇక నెమ్మదిగా ఆడటం లేదు, నా ఓపిక అయిపోయింది.

ఇప్పుడు ఆ రోజు సంగతి విను. కోతకి కొలత పట్టీ బిగించింది నువ్వు కాదు, నాన్న. ఆయన చేతులు అప్పటికే వణకడం మొదలుపెట్టాయి. పట్టీని పట్టి ఉంచే మర సగమే తిరిగింది. నువ్వు కత్తి దించినప్పుడు పట్టీ వెనక్కి జారింది. నేను చూశాను. ఆయనకీ తెలిసింది, తెలిసింది కాబట్టే అంత అరిచాడు. బైండరు చేతులు వణుకుతున్నాయని గ్రంథాలయం పెద్దాయనకి తెలిస్తే వీధి మొత్తానికి తెలుస్తుంది, మర్నాటి నుంచి ఎవడూ కాగితం ముక్క కూడా తేడు. ఆయన పరువు ఆ క్షణాన నా నాలుక మీద ఉంది. నేను నోరు మూసుకున్నాను. ఇంకోసారి అదే జరిగినా మూసుకుంటాను, నీకేం క్షమాపణ చెప్పను.

సాయంత్రం ఆయనే నీ గదికి వచ్చాడు. నీ పెట్టె లేదు. నువ్వు లేవు. ఒక్క పూట ఆగలేకపోయావు. నాన్న చివరి రోజుల్లో అత్తకి నీ ఆచూకీ తెలిసేదాకా ఎక్కడున్నావో ఎవరికీ తెలీదు, ఎవరికి రాయను నేను? గాలికి రాయనా? ఆ తర్వాత ఆయన చేతికి గ్లాసు నేనే అందించాను, ఆయన బిగించిన ప్రతి మరా ఆయన వెనక్కి తిరిగాక నేనే మళ్ళీ బిగించాను, ఆయనకి తెలియకుండా. నువ్వు మాత్రం అక్కడ కూర్చుని కుంచె గురించి తలుచుకుంటున్నావు. ఆయన పోయిన రోజు గుమ్మం దాకా వచ్చి, నేను లోపల్నుంచి బయటికి వచ్చేలోపు వీధి మలుపు తిరిగిపోయావు.

పెట్టు నీ కోత యంత్రం. లేకపోతే ముక్కలు పడేసి దాన్ని తీసుకుని నీ ఇనుము వాడి దగ్గరికి పో. ఇద్దరూ కలిసి తూకం వేసుకోండి.

అక్క

*

క్రేను కేబిను

అక్కా,

నీ ఉత్తరం పైకి తెచ్చుకుని చదివాను. కంటైనరు గాల్లో ఆగిపోయింది, కింద నుంచి మేస్త్రీ చేతులూపుతూ తిడుతున్నాడు. తిట్టనిచ్చాను.

నీకు తెలుసు. ఇన్నేళ్ళూ నీకు తెలుసు. నేను మాత్రం నా చేతులు చెడ్డవని నమ్మి బతికాను. ఆ రోజు నుంచి నేను ఒక కాగితాన్ని కత్తెరతో కూడా కత్తిరించలేదు. క్రేను పని ఎందుకు పట్టుకున్నాననుకున్నావు? బరువు ఎత్తడం, దించడం. చెడిపోవడానికి దానికి అంచులుండవు. కూడా పనిచేసేవాళ్ళు నన్ను భయస్థుడంటారు, ప్రతి లీవరూ రెండుసార్లు చూసుకుంటానని. అదంతా ఎవరి పుణ్యమో ఇప్పుడు తెలిసింది.

ఆయన పరువు నీ నాలుక మీద ఉందా? నా బతుకు ఎవరి నాలుక మీద ఉంది మరి? ఆయన నా గదికి వచ్చాడన్న మాట పందెం వేసే కాగితం మీద రాస్తావా నువ్వు?

కోత యంత్రం పెట్టాను. నా ముక్కలకి ఇంత పందెం ఒప్పుకోకూడదు. అయినా పెట్టాను. గెలిస్తే నీ ప్రెస్సు నా కళ్ళ ముందే ముక్కలు చేయిస్తాను. ఓడితే పీడా పోతుంది.

తమ్ముడు

*

ఇల్లు,
వరండా

తమ్ముడికి,

చివరి ముక్క ఇస్పేటు జాకీ.

అత్త ఇంటికి వెళ్ళాను. నా రాజులు బల్ల మీద పెట్టాను. నీ ముక్కలేంటో ఆవిడ దగ్గర రాసి ఉంది: తొమ్మిది, పది. ఏడు నుంచి జాకీ దాకా వరుస. అత్త ముక్కలన్నీ ఏరి కట్ట కట్టింది. తర్వాత కాఫీ తాగుతావా అంది. వద్దన్నాను.

అంతా నీదే. గది కూడా.

కోత యంత్రం ఎడమ పక్క బోల్టు వదులు. లారీ ఎక్కించే ముందు కత్తి ఊడదీయించు, లేకపోతే ఎవడి చెయ్యో పోతుంది. ప్రెస్సు పలక వేరుగా వస్తుంది, ఇద్దరు పట్టాలి. అక్షరాల పెట్టెలో ఒక అర తెరుచుకోదు, బలవంతం చేయకు. కోర్టు ఫైళ్ళు తిరిగి ఇచ్చేస్తున్నాను. బడివాళ్ళకి రేపు చెప్తాను.

నోరెత్తకూడదన్నది షరతు. ఎత్తడం లేదు.

అక్క

*

రేవు వెనక వీధి,
మూడో అంతస్తు గది

అక్కా,

నిజంగానే రాజులు. నీకు బుద్ధుందా?

ఏడు, ఎనిమిది పడ్డ రోజు నా చేతిలో ఒక జత కూడా లేదు. తొమ్మిదీ పదీ పట్టుకుని, ఆరు గానీ జాకీ గానీ వస్తుందేమోనని చూస్తున్నాను. పొయ్యి పెట్టి నిన్ను బెదిరిద్దామనుకున్నాను. ఆ రోజు నువ్వు ప్రెస్సు పెట్టి ఉంటే ఆ క్షణమే పడేసేవాణ్ణి. ఏం చేయాలో కూడా నేనే నీకు రాసి పంపాను. అయినా నువ్వు నాకు ఇంకో ముక్క చవగ్గా చూపించావు. చివరికి పెంచావు, అదీ కోపంలో. కోపంలో నేను ఒప్పుకున్నాను. ఒక్క ముక్క మిగిలి ఉండగా ఆ వరుస కోసం యంత్రం పెట్టేవాడు మూర్ఖుడు. మూర్ఖుడే గెలిచాడు.

కోత యంత్రం కోసం ఆగానని మళ్ళీ చెప్పకు. అది దక్కకపోయినా గది దక్కేది, పొయ్యి దక్కేది, నీ ప్రెస్సు నీకుండేది. నీ తిండి నీకుండేది. నేను పాత ఇనుముకి వేస్తానని రాసినా నువ్వు పెంచలేదు. ఆ ఇనుము వాడు లేడు. ఉత్తినే రాశాను, నీకు మండాలని. నాకు దుకాణం కావాలనే ఉండేది. ఒక్కసారి ఆ కత్తి ముందు నిలబడి నా చేతులు ఎలాంటివో చూసుకోవాలని ఉండేది. ఇప్పుడు అది కూడా లేకుండా చేశావు. నువ్వు జాలిపడి ఓడిపోయావు, అంతే. ఇంట్లోంచి తరిమేసిన వాడికి ముష్టి వేశావు.

నీ ముష్టి నాకొద్దు. అత్తకి రాశాను, తాళంచెవి నీకిచ్చేయమని. సామానంతా నీ పేరే. నేను రాను. ఇది చివరి ఉత్తరం.

తమ్ముడు

*

ఇల్లు,
వంటింటి బల్ల

ఒరేయ్,

జాలా? నీ మీదా? నీ మీద జాలిపడే తీరిక నాకు ఎప్పుడుంది?

కోత యంత్రం కావాలన్నది నిజమే. కానీ అదొక్కటే అయితే ఆ రోజే పెంచేదాన్ని. గదీ పొయ్యీ తీసుకుని, కోత పని బయట చేయించుకుని, ఏదో ఒకలా బతికేదాన్ని. పెంచితే నువ్వు పడేస్తావని నాకు తెలుసు. పడేస్తే ఆట అయిపోతుంది. ఆట అయిపోతే ఉత్తరాలుండవని నువ్వే రాశావు, మొదటి కాగితం మీదే. ఇన్నేళ్ళకి నీ చేతిరాత చూశాను రా. తిట్లే అయినా సరే, పోస్టువాడి సైకిలు వినపడితే జిగురు చేతులతో గేటు దాకా పరిగెత్తేదాన్ని. ఇంకో ముక్క పడేదాకా, ఇంకో ఉత్తరం వచ్చేదాకా లాగుదామనుకున్నాను. ఇంతకన్నా తెలివితక్కువ ఆట ఎవరూ ఆడి ఉండరు. నాన్న చూసి ఉంటే నా చేతిలోంచి ముక్కలు లాక్కునేవాడు.

నువ్వేమో దుకాణం నా మొహాన కొట్టి, రానంటున్నావు. అంటే నేను అన్నీ పెట్టి దేనికోసం ఓడిపోయానో అది కూడా పట్టుకుపోతున్నావు. ఎంత కోపం వస్తోందో తెలుసా? నువ్వు ఎదురుగా ఉంటే చెంప పగిలేది.

నిన్న అత్త తాళంచెవి తీసుకుని గుమ్మం దాకా వచ్చింది. నేను ముట్టుకోలేదు, తిప్పి పంపేశాను. గెలిచినవాడివి నువ్వు, తెరవాల్సింది నువ్వు. దుకాణం గది అద్దెకిచ్చినాయన ఈ నెలాఖరు దాకా చూస్తానన్నాడు. అప్పటికీ తలుపు తెరుచుకోకపోతే సామాను వీధిలో పెట్టించి గది ఇంకొకరికి ఇస్తాడట. పెట్టించనీ. వాన పడినా నేను పట్టా కప్పను. ఏ ఇనుము వాడో ఎత్తుకుపోతున్నా అడ్డం వెళ్ళను. దాంతోపాటు నా తిండి పోతుందని తెలిసే రాస్తున్నాను.

రాజులున్నాయంటే నమ్మలేదు. ఇది నమ్ము.

సోమవారం పొద్దున్నే దుకాణం మెట్ల మీద కూర్చుంటాను. నా దగ్గర తాళంచెవి ఉండదు.

అక్క